పరుపుల సాయిబు చూసిన మూడో ఇల్లు

ఇల్లు అద్దెకిచ్చేవాడు మొదటి నెల దేవుడు, మూడో నెల దొర, ఆర్నెల్లు తిరిగేసరికి యముడు. ఈ సంగతి మాబు సాహెబ్‌కి బడిలో ఎవరూ చెప్పలేదు. పరుపులు కుట్టుకు బతికేవాడు. దూది ఏకితే నూగు లేస్తుంది, లేచిన నూగు పక్కింటివాళ్ల పప్పులో పడుతుంది, పడితే ఖాళీ చెయ్యమంటారు. చీరాలలో ఇరవై ఆరేళ్లలో పదకొండు ఇళ్లు మారాడు. ఇక సొంతిల్లే కొనాలని భార్య షాజాదీ పట్టుబట్టింది.

మొదట చూసినదానికి వాకిలే లేదు. రెండోది బంగారంలా ఉంది. షాజాదీ బీరువా ఏ గోడకి పెట్టాలో కూడా చూసుకుంది. తీరా బయానా పట్టుకెళ్తే, నిన్ననే ఇంకెవరికో ఇచ్చేశామన్నారు. తిరిగొచ్చే ఆటోలో ఆవిడ ఆ డబ్బు మళ్లీ కొంగున ముడేసుకుంది.

"ఆశపడితే ఇట్టాగే ఉంటది. అందుకే నేను పడను," అన్నాడు మాబు సాహెబ్.

"నీ వాటా కూడా నేనే పడతాలే," అంది.

మూడోది పర్చూరు దారిలో, ఊరి చివర రెబ్కా టీచరు గారి పెంకుటిల్లు. పొద్దున షాజాదీ ఒక్కతే చూసొచ్చి, మధ్యాహ్నం మొగుణ్ణి లాక్కెళ్లింది. తూర్పున కోతైపోయిన పొలం, పడమర గోడకి అవతల మిరప కల్లం. వాకిట్లో నాలుగు పరుపులు పరచొచ్చు. మాబు సాహెబ్ గుండె కొంచెం లేచింది. లేచినదాన్ని అతను నమ్మలేదు. జేబులోంచి చిటికెడు దూది తీసి గాల్లోకి వదిలాడు. ఏ ఇంటికెళ్లినా ముందు అదే చూస్తాడు, గోడలూ కప్పూ తర్వాత. పైరగాలి ఆ దూదిని గోడ దాటించి తిన్నగా మిరపకాయల మీద దించింది.

"ఏంది సాయిబూ అది?" కల్లంలో కాయలు తిరగేస్తున్న రైతు జోసఫ్ అవతల నుంచి కేకేశాడు. "కాయలో దూది కనపడితే మిర్చి యార్డులో నా సరుకు ముట్టుకుంటారా?"

"నీ ఘాటు నా దూదికి పట్టుకుంటే? ఆ పరుపెక్కిన పెళ్లికొడుకు తెల్లార్లూ గెంతుతాడు!"

"గెంతనీ, పెళ్లికొడుకేగా!"

అందరూ నవ్వారు గానీ మాబు సాహెబ్ చెప్పులేసుకున్నాడు. "పద. ఇంకో చోట తిట్లు తినడానికి సొంత డబ్బు కూడా పొయ్యాలా?"

షాజాదీ కదల్లేదు. "పొద్దున ఇదే వాకిట్లో దగ్గి దగ్గి చచ్చాను నేను. ఘాటు ఇటొచ్చిందంటే అప్పుడు గాలి అటునుంచేగా? పొద్దున పడమటి గాలి, మధ్యాహ్నం నుంచి సముద్రం గాలి. నువ్వు పొద్దున దూది ఏకు. ఆ అన్న మధ్యాహ్నం కాయలు తిరగేస్తాడు. ఒకరిది ఒకరి మీద పడదు."

మాబు సాహెబ్ వేసుకున్న చెప్పులు మళ్లీ విప్పాడు. చీరాల సందుల్లో ఏ గాలి ఎటునుంచి వస్తుందో ఎవడికి తెలుసు? అక్కడ తిట్లకి వేళాపాళా లేదు, ఇక గాలికేం ఉంటుంది?

"నాకు పొద్దున్నే తిరగెయ్యడం అలవాటు కదా..." జోసఫ్ నసిగాడు.

"ఒరేయ్ జోసఫ్!" గడపలోంచి అంది రెబ్కా టీచరు. "ఎక్కాలు అడిగినప్పుడూ ఇట్టాగే నసిగేవాడివి. అవునో కాదో చెప్పు."

"కల్లం రెండు నెలలేగా. సరే టీచర్."

మాబు సాహెబ్‌కి అది చాల్లేదు. సరేనన్నవాళ్లని చాలామందిని చూసినవాడు. మర్నాడు మొదటి బస్సుకే షాజాదీతో వచ్చి వాకిట్లో నిలబడి, "ఈ ఒక్క పూటా తిరగెయ్యి జోసఫూ, గాలి ఎటో నేనే చూస్తా," అన్నాడు. జోసఫ్ కాళ్లతో కాయలు కదిపాడు. ఘాటు గోడ దాటి వచ్చి మొహాన కొట్టింది. మాబు సాహెబ్ తుమ్మాడు, దగ్గాడు, కళ్లు ధారలు కట్టాయి.

"చాలా, ఇంకా కావాలా?" అన్నాడు జోసఫ్.

చాలని చెయ్యి ఊపాడు. దగ్గు ఆగకుండానే గుమ్మం వైపు తిరిగి, "టీచరమ్మ గారూ, కాగితం రాయించండి. మాకు నచ్చింది," అన్నాడు.

"ముందు మొహం కడుక్కోండి. బోరింగు వెనకాల ఉంది," అంది టీచరు. "కాస్త గట్టిగా కొట్టాలి. అలవాటవుద్దిలే."