సాయం చేసినట్టు సర్టిఫికెట్

మా పేట గ్రంథాలయంలో నేను చదవని పుస్తకం లేదు. గొప్పలు చెప్పుకుంటున్నాననుకునేరు. గొప్పలే చెప్పుకుంటున్నాను. నలభై ఏళ్ళుగా ఆ పుస్తకాలకు ఈ చేతులతోనే అట్టలు కట్టాను. కళ్ళకు గంతలు కట్టి ఏ పుస్తకం చేతిలో పెట్టినా సరే, వెన్ను నిమిరి లోపల కథేమిటో, చివర్లో ఎవరు చచ్చిపోతారో చెప్పేయగలను. నేను కుట్టిన పుస్తకం మీదుగా ఓసారి లారీ పోయింది. లారీ టైరు పంక్చరైంది గాని పుస్తకంలో ఆకు ఊడలేదు.

అంతటివాణ్ణి ఆ రోజు పొద్దున తొమ్మిదింటి నుంచి కేంద్ర గ్రంథాలయం వరండాలో, కుంటి బెంచీ మీద, మా మనవరాలి ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎటువైపు ఎవరు లేచినా రెండోవైపు వాళ్ళు కిందికి జారిపోతున్నారు. అందుకని లేచేవాళ్ళు ముందుగా "లేస్తున్నానండీ" అని హెచ్చరిక చేసి లేస్తున్నారు. లైబ్రేరియన్ ఉద్యోగం ఒక్కటి. వచ్చినవాళ్ళు అరవై ఒక్కమంది. జీతం నెలకు ఇరవై ఎనిమిది వేలు. మా అమ్మాయి ఆస్పత్రిలో రోగుల దుప్పట్లు ఉతికితే వచ్చేది తొమ్మిది వేలు. నాకు పుస్తకానికి నలభై. ఈ మధ్య పుస్తకాలు చిరగడం కూడా తగ్గింది, తెరిచేవాళ్ళు ఉంటేగా!

మనవరాలిని నేను సూచిక అని పిలుస్తాను. చిన్నప్పుడు ఏ కథ చెప్పబోయినా "ఇది ఎన్నో పేజీలో ఉంది తాతయ్యా?" అని అడిగేది. అబద్ధాలు చెప్పుకుని బతికేవాడికి అలాంటి మనవరాలు పుట్టడం ఎంత కష్టమో మీరే ఆలోచించండి. గ్రంథాలయ శాస్త్రంలో పీజీ చదివింది. యూనివర్సిటీలో రెండో స్థానం. ముప్పై ఎనిమిది చోట్ల దరఖాస్తు పెట్టింది. అన్ని చోట్లా ఒకటే ప్రశ్న: "రెండేళ్ళ అనుభవం ఉందా?" మొదటి ఉద్యోగానికి అనుభవం అడగడమేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఇంకా కుట్టని పుస్తకానికి అరిగిన అట్ట కావాలన్నట్టు ఉంటుంది.

ఆ అనుభవం కోసమే రెండేళ్ళు మా పేట గ్రంథాలయంలో పైసా లేకుండా పనిచేసింది. పొద్దున పిల్లలకు ట్యూషన్లు, పది నుంచి ఆరు దాకా గ్రంథాలయం. అక్కడున్న పదకొండు వేల నాలుగు వందల పుస్తకాలూ ఒక్కొక్కటే తెరిచి, పేజీలు లెక్కపెట్టి, వెన్ను మీద నంబరు చీటీ అంటించి, కంప్యూటర్లోకి ఎక్కించింది. అదంతా రుజువు చేసే సర్టిఫికెట్ నా ఒళ్ళోని ఫైల్లోనే ఉంది.

పన్నెండింటికి పిలుపొచ్చింది. బల్ల వెనక గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే చూసి, ఆఖరి దాని దగ్గర ఆగాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి పైకే చదివాడు.

"'ఈమె రెండేళ్ళపాటు మా గ్రంథాలయంలో పుస్తకాలు సర్దడంలో సాయం చేసింది. నడవడి మంచిది.' ఇదేంటమ్మా?"

"అనుభవం సర్టిఫికెట్ సార్."

"సాయం చేసింది అనుంది. సాయం అనుభవం కిందికి రాదు. పని చేసింది అనుండాలి."

"చేసింది పనే సార్."

"అయ్యుండొచ్చు. కాగితం అలా అనట్లేదుగా. మా ఆవిడకి నేను రోజూ వంటలో సాయం చేస్తా. అంతమాత్రాన నన్ను వంటమాస్టరు అంటారా?"

"పదకొండు వేలమందికి వండితే అంటారు సార్" అంది సూచిక.

వెనకాల వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గుమాస్తా కూడా నవ్వబోయి, కుర్చీ గుర్తొచ్చి మానుకున్నాడు. మంచివాడే, పాపం.

"నోరుంది నీకు. చూడమ్మా, నాలుగింటిదాకా ఈ బల్ల ఉంటుంది. ఆ ఒక్క మాట మార్పించుకురా. లోపలికి పంపిస్తా. నాలుగు దాటితే నేనేం చెయ్యలేను."

ఆ మాట వరండా అంతా పాకింది. ఒకాయన తన ఫైలు తెరిచి చూసుకుని, "నాది 'తోడ్పడ్డాడు' అనుందండీ, ఇది చెల్లుద్దా?" అన్నాడు. ఇంకొకావిడ, "మా వాళ్ళు 'చేదోడు వాదోడుగా ఉంది' అని రాశారు, అత్తగారు కోడలికి ఇచ్చినట్టు" అంది. జుట్టు నెరుస్తున్న మనిషి ఒకడు సర్టిఫికెట్ మడిచి జేబులో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. అరవై ఒక్కమందిలో ఎంతమంది జీతం లేకుండా ఎన్నేళ్ళు చేశారో నేను లెక్కపెట్టలేదు. లెక్కపెడితే అదొక గ్రంథమయ్యేది, అట్ట నేనే కట్టాల్సొచ్చేది.

రెండు బస్సులు మారి మా పేట చేరేసరికి ఒకటిన్నర అయింది. దారి పొడుగునా సూచిక టైము చూసుకుంటూనే ఉంది. నేనే ఉండబట్టలేక, "ఒక్క మాటేగా తల్లీ. మన పేట పెద్దసారు మంచివాడు, గీకేస్తాడు" అన్నాను.

"సర్టిఫికెట్ రాసింది ఆయనే తాతయ్యా."

"తొందర్లో రాసుంటాడు."

"మూడుసార్లు కొట్టేసి రాశాడు. నేను పక్కనే ఉన్నా."

ఇక్కడ నేనో సంగతి ఒప్పుకోవాలి. పుస్తకాలన్నీ చదివానన్నాను కదూ? చదవలేదు. ఊరి బడిలో ఐదో తరగతితో ఆగినవాణ్ణి. అట్ట మీద పేరు కూడబలుక్కునేలోగా జిగురు ఆరిపోయేది. నా చదువు బండారం బయటపెట్టింది కూడా సూచికే. పేజీలు లెక్కపెడుతుంటే ఓ లావుపాటి పుస్తకం దగ్గర ఆమెకు అనుమానం వచ్చింది. ముందు సగం అద్దె ఇళ్ళ చట్టం. వెనక సగం తేనెటీగల పెంపకం. రెండు చిరిగిన పుస్తకాలు ఒకేసారి తెచ్చుకుని నేను కుట్టిన ఘనకార్యం అది. 'నోటీసు ఇచ్చిన ముప్పై రోజుల్లోగా ఇల్లు ఖాళీ చేయనిచో' అని ఒక పేజీ అయిపోతే, తర్వాతి పేజీ 'పొగ పెట్టి బయటికి రప్పించవలెను' అని మొదలవుతోంది. పన్నెండేళ్ళలో దాన్ని నలభై మంది ఇంటికి తీసుకెళ్ళారు. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఎంతమంది ఇంటివాళ్ళు అందులో ఉన్నట్టే చేశారో దేవుడికెరుక. లారీ సంగతంటారా? అది సైకిలు. ఆకులు మూడు ఊడాయి.

ఆ రెండు పుస్తకాలూ విప్పించి, నా పక్కన కూర్చుని, ఏ ఆకు ఏ పుస్తకానిదో నంబరు ప్రకారం ఏరి ఇచ్చింది మా సూచిక. అది సాయమా, పనా? దబ్బనం నా చేతిలో ఉంది కాబట్టి పని నాదీ, సాయం ఆమెదీ అని అప్పుడు అనుకున్నాను. తప్పు నాది, దిద్దుబాటు ఆమెది అని అప్పుడు తోచలేదు.

పెద్దసారు అంటే మా పేట గ్రంథాలయానికి అధికారి. గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాడు. ఆయన కుర్చీ చుట్టూ తాడు కట్టిన అట్టపెట్టెలు తొమ్మిది, ఒకదాని మీద ఒకటి.

"రామ్మా రా! నిండు నూరేళ్ళు నీకు. ఇప్పుడే అనుకున్నా. ఎవరో పెద్దమనిషి పోతే వాళ్ళింట్లో పుస్తకాలన్నీ మనకి పంపారు. రెండు వేలుంటాయి. కూర్చోండి పెద్దాయనా."

సూచిక కూర్చోలేదు. సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, గుమాస్తా అన్నదంతా చెప్పింది.

పెద్దసారు నవ్వాడు. "సాయానికీ పనికీ తేడా ఏముందమ్మా? అంతా సేవే."

"తేడా లేకపోతే మార్చి ఇవ్వండి సార్."

ఆయన నవ్వు అక్కడే ఆగింది. పేపరు వెయిటు తీసి చేతులు మార్చుకుంటూ అన్నాడు: "నువ్వు నా కూతురు లాంటిదానివి కాబట్టి చెప్తున్నా. పని చేసింది అని రాస్తే జీతమేదీ అంటారు పైవాళ్ళు. జీతమివ్వకుండా పని చేయించుకున్నానని నా మెడకి చుట్టుకుంటుంది. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతున్నా. నా పరిస్థితి కూడా నువ్వు చూడాలి కదా."

"అయితే ఆ పదకొండు వేల పుస్తకాలూ ఎవరు ఎక్కించినట్టు సార్?"

"రిపోర్టులో గ్రంథాలయం ఎక్కించినట్టు రాశాం."

గోడలూ బీరువాలూ కలిసి కంప్యూటరు నేర్చుకున్నాయన్నమాట. ఈ మాట పైకి అనలేదు. అంటే అట్టలకని నాకిచ్చే పుస్తకాల కట్ట ఇంకోడికి పోతుంది.

పెద్దసారు కాసేపు పెట్టెల వంక చూశాడు. తర్వాత సొరుగు లాగి, గ్రంథాలయం పేరున్న కాగితం తీసి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. 'రెండేళ్ళపాటు పని చేసింది.' రాసి ముద్ర వేశాడు. సంతకం మాత్రం పెట్టలేదు. కాగితం మీద చెయ్యి అలాగే ఉంచి ఇంకో తెల్ల కాగితం ఆమె వైపు జరిపాడు.

"నేను రిస్కు తీసుకుంటున్నా. నువ్వు కూడా ఓ మాట రాసివ్వు. ఉద్యోగం వచ్చినా సరే, ఈ తొమ్మిది పెట్టెలూ అయ్యేదాకా సాయంత్రాలూ, ఆదివారాలూ వస్తానని. ఓ ఏడాది పడుతుందేమో. నా ఇష్టప్రకారం వస్తున్నాను, ప్రతిఫలం అడగను అని ఒక్క ముక్క. అంతే."

సూచిక కలం తీసుకుంది. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. ఇప్పుడు సంతకం పడితే మూడున్నరకల్లా ఆ బల్ల దగ్గర ఉండొచ్చు. లోపల అడిగే ప్రశ్నలు వేటికీ ఆమె తడబడదు. ఇరవై ఎనిమిది వేలు. వాళ్ళమ్మ ఆ రోగుల దుప్పట్లు వదిలేయొచ్చు, సబ్బునీళ్ళకు చీలిన వేళ్ళు మానొచ్చు. ఇవన్నీ ఆమెకు తెలుసు. కాగితం మీద 'నా ఇష్టప్రకారం' దాకా రాసింది.

అక్కడ కలం ఆగింది.

"సార్, ఈ పెట్టెలు చేస్తే అది సాయమా, పనా?"

"సాయమే!" అన్నాడు పెద్దసారు హుషారుగా. అని, నాలుక కరుచుకున్నాడు.

సూచిక కలానికి మూత పెట్టి బల్ల మీద అడ్డంగా ఉంచింది. తన పాత సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టుకుంది. 'నా ఇష్టప్రకారం' అని రాసిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అది కూడా ఫైల్లోనే పెట్టుకుంది.

"నాకు ఇష్టం లేదు సార్. రేపటినుంచి రాను."

"తొందరపడకమ్మా. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ ఎప్పుడొస్తుందో! కూర్చో, మంచినీళ్ళు తాగు..."

ఆమె గదిలోంచి బయటికి వచ్చేసింది. ఫైలు పట్టుకుని వెనకాలే నేను. బయట పుస్తకాలిచ్చే చోట నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళలో కాలిపోయిన మోటార్లకు తీగ చుట్టే మేస్త్రీ ఉన్నాడు. వేళ్ళనిండా వార్నిషు. సూచికను చూడగానే అతని మొహం వెలిగింది.

"అమ్మాయ్, వచ్చావా! పొద్దుట్నుంచీ ఇది మూడోసారి రావడం. అదే ఆ పుస్తకం, నీలం అట్టది, ముందు పేజీలో పంపు బొమ్మ. పేరేంటో నాకు గుర్తుండి చావదు. ఏ మోటారుకి ఎంత లావు తీగ, ఎన్ని చుట్లు అని పట్టిక ఉంటది చూడు. షాపులో గిరాకీ కూర్చునున్నాడు, వాడి పొలం ఎండిపోతోందంట."

ఆ పుస్తకం ఎక్కడుందో ఆమెకు తెలుసు. తెలిసినట్టు ఆమె కళ్ళు అప్పుడే కుడివైపు మూడో బీరువా మీదికి పోయాయి. కాళ్ళు కూడా ఒక అడుగు అటు వేశాయి. అప్పుడు ఆగింది.

"పెద్దసారుని అడగండన్నా."

"ఆయనకేం తెలుసు తల్లీ?" అన్నాడు మేస్త్రీ. వేళాకోళంగా కూడా కాదు, వాన పడుతోందా అని అడిగినంత మామూలుగా అన్నాడు. గది తలుపు తెరిచే ఉంది. లోపల పేపరు వెయిటు బల్ల మీద పెట్టిన చప్పుడైంది.

"ఉద్యోగం ఆయనది" అంది సూచిక. "నేను ఇక్కడ పని చేసినట్టు ఎక్కడా లేదన్నా. అందుకని నాకూ తెలీదు."

మేస్త్రీకి అర్థం కాలేదు. వార్నిషు చేతులు చొక్కాకు తుడుచుకుంటూ ఆమెనూ, బీరువాలనూ మార్చి మార్చి చూశాడు. పెద్దసారు బయటికి వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని, ఒక వేలితో 'నీలం అట్ట' అని కొట్టడం మొదలుపెట్టాడు.

వాకిట్లో మెట్ల దగ్గర సూచిక నిలబడిపోయింది. ఒక చేత్తో గుమ్మం పట్టుకుంది. "పాత కాగితంతోనే ఆ బల్ల దగ్గరికి పోతాను. పని అని నోటితో చెప్తాను. ఆయన వినకపోతే వరండాలో వాళ్ళందరి కాగితాలూ చూపించమని అడుగుతాను" అంది. నాతో అన్నదో, తనలో తను అనుకుందో. లోపల మేస్త్రీ "పోనీ నన్నే వెతుక్కోమంటారా సార్?" అని అడగడం వినిపించింది. ఆమె మెడ అటు తిరగబోయింది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పద తల్లీ, నాలుగు కొట్టకముందే పోదాం" అన్నాను.

ఇంతదాకా చెప్పింది నిజమే. పన్నెండేళ్ళూ, నలభై మందీ అన్నది కాస్త అటూ ఇటూ. కాని ఒక్కటి మాత్రం పూర్తిగా నేను కల్పించింది. "పద తల్లీ" అని నేను అనలేదు. మేస్త్రీ మొహం చూసి జాలేసి, "ఒక్క పుస్తకమేగా అమ్మలూ, ఆ కాస్త సాయం చేసి రా" అన్నాను.

సూచిక నా చెయ్యి భుజం మీంచి తీసేసింది. ఫైలు నా దగ్గర్నుంచి లాక్కుని, నా కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.