తక్కువ పడ్డ నాలుగు గజాలు

సమ్మయ్యకు బిడ్డంటే ఎంత గర్వమో మంచిర్యాల అవతలి ఆ బొగ్గు కాలనీలో తెలియనివాళ్లు లేరు. తెలియకుండా ఉండనిస్తే కదా. పాల ప్యాకెట్ కొనడానికి పోయినా "మా స్తుతి ఫిజిక్స్‌ల రీసెర్చ్ చేస్తది" అని చెప్పందే చిల్లర జేబులో వేసుకోడు. దేని మీద రీసెర్చ్ అని అడిగితే మాత్రం కొంచెం తడబడతాడు. గోల్ఫ్ మీద అంటే అవతలివాళ్లు నవ్వుతారు. నవ్వినవాళ్ల కోసం ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాడు.

"ఆట మీద కాదు, దెబ్బ మీద."

అతను బొగ్గుబాయిలో ఫిల్లర్‌గా చేరి, ముప్పై ఏళ్లు బొగ్గు టబ్బులు నింపి, నడుము అరిగాక రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చుంటే తోచదని, ఆఫీసర్ల క్లబ్బు వెనక ఉన్న గోల్ఫ్ మైదానంలో నీళ్లు పట్టే పనికి కుదిరాడు. మైదానమంటే టీవీలో చూసేదాన్ని ఊహించుకోవద్దు. గనిలోంచి తెచ్చి పోసిన మట్టి దిబ్బల మధ్య వానాకాలం పచ్చగా, మిగతా కాలమంతా ఎర్రగా ఉండే నేల అది. తండ్రికి సద్ది తెచ్చిన రోజుల్లో స్తుతి అక్కడ ఒక వింత చూసింది. కండలు తిరిగిన ఆఫీసరు పళ్లు బిగించి కొడితే బంతి దగ్గర్లోనే పడుతోంది. సన్నగా ఉండే ఇంకొకాయన తీరిగ్గా కొడితే దిబ్బ దాటిపోతోంది. ఎందుకు? డిగ్రీలో పట్టుకున్న ఆ ప్రశ్నను ఎమ్మెస్సీ అయినా ఆ పిల్ల వదల్లేదు.

ఒకరోజు ఇంట్లో రెండు పుల్లలు దారంతో ముడివేసి తండ్రికి చూపించింది.

"బాపూ, ఇది చెయ్యి. ఇది గోల్ఫ్ కర్ర. నడుమ ముడి మణికట్టు. చెయ్యి ఎంత జోరుగ తిప్పితే బంతి అంత దూరం పోతదనుకుంటరు అందరు. కాని బంతికి తాకేముందు చెయ్యి జర నెమ్మదైతది చూడు. గా జోరంత కర్ర కొసకు పోతది."

"చర్నాకోల తీరు," అన్నాడు సమ్మయ్య.

"గంతే."

పొయ్యి దగ్గర నుంచి తల్లి మగ్దలేనమ్మ అందుకుంది. "గిది ఎడ్లు తోలెటోనికి సుత ఎర్కే. గీ ముచ్చటకు యూనివర్సిటీ ఎందుకే?"

"ఎంత నెమ్మదైతే ఎంత దూరం పోతదో ముందుగాలనే చెప్పాలె గదా అవ్వా. గది చెప్పుడే నా పని."

ముందే చెప్పమని పట్టుబట్టింది కరీంనగర్ ప్రొఫెసర్ ప్రేమ్‌సాగర్. పీహెచ్‌డీకి ఏ అంశం పనికొస్తుందో, ఏది పనికిరాదో తేల్చేది ఆయనే. చెడ్డవాడేం కాదు, అనుమానం మాత్రం పుట్టుకతో వచ్చింది. "అయిపోయినంక వీడియోలు చూసి ఎవరైనా చెప్తరు. కొట్టకముందే లెక్కగట్టు. జెండా పాతు. బంతి దానికి రెండు గజాల లోపల ఆగితే సంతకం పెడత. ఆగకుంటే ఈ అంశం విడిచిపెట్టు," అన్నాడు. ఇన్నేళ్ల కష్టం ఒక జెండా మీదకు వచ్చి కూర్చుంది.

బంతి కొట్టేది హర్షిణి. గనిలో ఇంజనీరు, క్లబ్బులో గోల్ఫ్ ఆడే యువతి. ఆమె కర్రకు తెల్ల టేపు చుట్టి, ఫోనులో నెలల తరబడి వీడియోలు తీసి, చెయ్యి ఎక్కడ బిగుస్తోంది, మణికట్టు ఎప్పుడు విడుతోంది అని స్తుతి లెక్కలు కట్టింది. మణికట్టు కొంచెం ఆలస్యంగా విడిస్తే బంతి ఇదివరకటి కంటే ఎంత ముందుకు పోతుందో తేల్చి, ముందురోజు సాయంత్రం దిబ్బ అవతల జెండా పాతింది.

మరునాడు పొద్దున్నే ప్రొఫెసర్‌ను తీసుకురావడానికి స్తుతి రైల్వే స్టేషన్‌కు పోయింది. ఆ సందులో సమ్మయ్యకు ఒక ఆలోచన వచ్చింది. బాయి మీదికి పెద్దవాళ్లెవరు వచ్చినా ముందు నీళ్ల ట్యాంకర్ వస్తుంది. దుమ్ము లేవకుండా దారి తడపడం అక్కడి మర్యాద. ఊరికే చూసిపోయేవాళ్లకే అంత మర్యాద చేస్తే, బిడ్డ బతుకు తేల్చడానికి వచ్చే సారుకు తక్కువ చేస్తాడా? పైపు లాక్కొచ్చి జెండా చుట్టూ నేలంతా నిండుగా తడిపాడు. చేయమని ఎవరూ చెప్పలేదు. అలాంటివి సమ్మయ్యకు ఎవరూ చెప్పనక్కరలేదు.

అందరూ వచ్చాక అతన్ని జెండా దగ్గర నిలబెట్టారు. కొట్టే చోటికీ జెండాకూ మధ్య దిబ్బ అడ్డం కాబట్టి, బంతి ఎక్కడ పడిందో చూసి కేకెయ్యాలి. కొత్త పద్ధతి ఇంకా అలవాటు పడని హర్షిణి మొదటి బంతిని తుమ్మపొదల్లోకి పంపింది. రెండోది దిబ్బకు కొట్టుకుని అక్కడే ఆగింది. కర్రకు సరిగ్గా తగలని ఆ రెండూ లెక్కలోకి రావు. మూడో బంతి నిండుగా లేచి, దిబ్బ దాటి వచ్చి, థప్పుమని తడి నేలలో దిగబడింది. ఇంక కదల్లేదు. జెండా ఇంకా నాలుగు గజాల దూరంలో ఉంది.

సమ్మయ్య అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు.

అతను ఫిల్లర్‌గా ఉన్న కాలంలో ఎవరు నింపిన టబ్బుకు వాళ్ల నంబరు బిళ్ల కట్టాలి. జ్వరంతో పనికొచ్చినవాడికి లెక్క తక్కువైతే, పక్కవాడు తాను నింపిన టబ్బుకు వాడి బిళ్ల కట్టేవాడు. సమ్మయ్యకు ఎందరో కట్టారు, సమ్మయ్య ఎందరికో కట్టాడు. దాన్ని ఎవరూ దొంగతనమనలేదు, మనిషితనమన్నారు. పరాయివాళ్లకే కట్టిన చేతులు కన్నబిడ్డకు కట్టవా? చేతులదాకా ఎందుకు, కాలితో ఒక్క తోపు తోశాడు. బంతి పోయి జెండా మొదట్లో ఆగింది. "దగ్గర్నే పడ్డది!" అని కేకేశాడు.

ప్రేమ్‌సాగర్ దిబ్బ ఎక్కి దిగి, బంతిని చూసి కళ్లజోడు సర్దుకున్నాడు. "స్తుతీ, నేను అనుకోలే. సరిగ్గ జెండా కిందికే అచ్చింది."

స్తుతి ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు. బంతికి ఒక పక్కంతా బురద ఉంది. ఆగినచోట గుంట లేదు. ఆమె వెనక్కి నడిచి గుంట వెతికి పట్టుకుంది. గుంట పక్కనే చెప్పు అచ్చు ఉంది. తలెత్తి తండ్రి వైపు చూసింది. తండ్రి దిబ్బ వైపు చూస్తున్నాడు.

"సార్," అంది. "బంతి పడ్డది గీడ. నాలుగు గజాలు తక్కువ. నా లెక్క తప్పింది."

"మరి అక్కడికెట్ల పోయింది?"

స్తుతి గుంటను వేలితో చూపించింది. తండ్రి పేరు ఎత్తలేదు, అబద్ధమూ ఆడలేదు. "పడ్డచోటే లెక్క సార్. అవతలిది కొలతల పెట్టను," అంది.

అది సమ్మయ్య తట్టుకోలేకపోయాడు. తిట్టినా బాగుండేది. "నేనే జరిపిన సార్, కాలుతోని," అని ముందుకు వచ్చాడు. బిళ్లల సంగతి, టబ్బుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. హర్షిణి తల దించుకుంది.

స్తుతి తండ్రి దగ్గరికి వచ్చింది. "బాపూ, టబ్బు నిండకుంటే నిండలేదనే చెప్పాలె. లేకుంటే ఎందుకు నిండలేదో ఎన్నటికీ ఎర్కగాదు."

ఆ మాట అన్నాక ఆమెకే ఏదో తట్టింది. గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మట్టి పిసికి చూసింది. "నిన్న పొద్దూకంగ గీ నేల రాయి తీరుండె. గీ తడి యాడికెల్లి అచ్చింది?"

సమ్మయ్య తల ఇంకా కిందికి వాలింది. "పొద్దుగాల నీళ్లు కొట్టిన బిడ్డా. సారు అస్తుండని."

ముందు నవ్వింది హర్షిణి. తర్వాత ప్రేమ్‌సాగర్ కూడా ఆపుకోలేకపోయాడు. స్తుతి మాత్రం నవ్వలేదు. "బంతి పడ్డంక దొర్లుడు ఎండు నేలకు లెక్కగట్టిన సార్. తడిల దిగబడ్డది."

"అయితే నీ లెక్క కరెక్టేనంటవా?"

ఔనంటే అక్కడికక్కడే సంతకం అయిపోయేదేమో. స్తుతి చేతికంటిన మట్టి దులుపుకుంది.

"అనలేను సార్. తడే కారణం కావచ్చు. కావచ్చు అంటే రుజువు కాదు. ఎండినంక మల్ల కొట్టాలె."

ప్రేమ్‌సాగర్ ఆమెను కాసేపు పరీక్షగా చూశాడు. "జెండా తియ్యకు. ఆదివారం అస్త," అని స్టేషన్ దారి పట్టాడు.

ఆ సాయంత్రం పాల దుకాణం దగ్గర సమ్మయ్య చిల్లర తీసుకుని నోరెత్తకుండా వచ్చేశాడు. సిగ్గు ఉంది, కాదనలేం. కానీ సిగ్గు కింద ఇంకోటి పొంగుతోంది. అంత పెద్ద సారు సంతకానికి కలం తీయబోతుంటే, తప్పింది అని నిలబడి చెప్పిన పిల్ల తన పిల్ల. ఇంత గర్వం అతనికి ఆమె పాసైన ఏ పరీక్షకూ కలగలేదు.

ఆదివారం దాకా ఆ నేల మీద చుక్క నీరు పడనివ్వలేదు. దారి తప్పి వచ్చిన ట్యాంకర్ డ్రైవర్‌తో చేతులూపి కొట్లాడినంత పని చేశాడు. చర్చి విడిచాక తెల్లచొక్కా మీదే మైదానానికి వచ్చి, ఒక పక్కకు ఒదిగి నిలబడ్డాడు.

"జెండా దగ్గర ఈసారి వేరేటోళ్లను పెడదామా?" అన్నాడు ప్రేమ్‌సాగర్ మెల్లగా.

"వద్దు సార్," అంది స్తుతి. "మా బాపే ఉంటడు."

సమ్మయ్య దిబ్బ దాటి పోయి, ప్రార్థనలో నిలబడ్డట్టు కాళ్లు దగ్గర పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగితే భుజానికి తుడుచుకున్నాడు. నీళ్ల విషయంలో ఇప్పుడు చాలా జాగ్రత్తగా ఉన్నాడు.

బంతి వచ్చింది. గట్టి నేల మీద పడి, ఎగిరి, దుమ్ము లేపుకుంటూ జెండా వైపు దొర్లింది. దొర్లి దొర్లి నెమ్మదించింది. జెండాకు ఇంకొంచెం దూరంలో, ఇంకొక్క తోపు కావాలన్నట్టు ఆగింది. సమ్మయ్య వంగి, బంతికి తగలకుండా నేల మీద మోచెయ్యి ఆనించి మూరలు కొలిచాడు. రెండు గజాల లోపలే. సారు ఒప్పుకున్న హద్దు లోపలే. జెండాకే వచ్చిందని కేకేసినా తప్పు పట్టేవాళ్లు లేరు.

అతను లేచి నిలబడి, ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. ముప్పై ఏళ్లలో నిండిన ఏ టబ్బు లెక్కనూ అంత గొప్పగా చెప్పుకోలేదు. దిబ్బ అవతల ఉన్న బిడ్డకూ, సారుకూ, కాలనీ మొత్తానికీ వినబడేలా కేకేశాడు.

"రెండు మూరలు తక్కువ, బిడ్డా! రెండు మూరలు తక్కువ!"