హైమవతి గారి తల పచ్చబడిన రోజు

నేను ఒక బ్రష్‌ను. పళ్ళు తోమేదాన్ని కాదు, గోడలకు సున్నం కొట్టేదాన్నీ కాదు. తలకు రంగు వేసే బ్రష్‌ను. ఒక పక్క మెత్తని వెంట్రుకలు, రెండో పక్క పాపిట తీయడానికి సన్నని తోక, మధ్యలో నల్ల ప్లాస్టిక్ ఒళ్ళు. చూడ్డానికి ఇంతే. లోపల మాత్రం ఎప్పుడూ ఒకటే దడ. ఎవరి తల మీద దిగినా, ఈ తల్లికి దురద పుడుతుందేమో, చుక్క జారి కంట్లో పడుతుందేమో, రేపు పొద్దున్న దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుందేమో అని. రంగు వేసేవాళ్ళు పాటలు వింటూ వేస్తారు. వేయించుకునేవాళ్ళు ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. భయపడే పని మొత్తం నాకే వదిలేశారు.

నేను పుట్టింది ఉత్తరాదిన ఎక్కడో రేకుల షెడ్డులో. ప్లాస్టిక్ కరిగించి అచ్చులో పోశారు, గట్టిపడీ పడకముందే బయటికి తోశారు. పుట్టిన బిడ్డను కాసేపు పడుకోనిచ్చే తీరిక కూడా లేదు ఆ మెషీన్లకు. లెక్కలేనంతమంది తోబుట్టువులతో అట్టపెట్టెలో పడి లారీ ఎక్కి కాకినాడ వచ్చాను. దారి పొడుగునా, పెట్టె చిరిగి రోడ్డు మీద పడితే ఏ బస్సు కింద నలుగుతామో అని నాకు కునుకు పట్టలేదు. పక్కవాళ్ళు హాయిగా నిద్రపోయారు.

మొదట నన్ను కొనుక్కున్నది కామేశం గారని ఒక కాలేజీ మాస్టారు. ఆయనకు నాతో పని మీసం వరకే. ఆదివారం పూట బాత్రూం తలుపు గడియ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి వేసుకునేవారు. తరవాత నన్ను గడ్డం సామాను వెనక దాచేవారు. ఇంటావిడకు తెలియదనుకునేవారు పాపం. బనీను మీది నల్ల మచ్చలు ఉతికేది ఆవిడే! రిటైరైన మర్నాటి నుంచి ఆయన రంగు మానేశారు. అంటే అన్నాళ్ళూ కుర్రతనం కాలేజీ కోసమన్నమాట, తన కోసం కాదు. ఆవిడ నన్ను వేడినీళ్ళలో కడిగి, వీధి చివర మేడ మీద బ్యూటీ పార్లర్ నడిపే ఎస్తేరు గారికి ఇచ్చేసింది.

ఎస్తేరు గారి చెయ్యి మంచిది. నన్ను నొక్కి పట్టదు, విదిలించదు. ఆ చేతిలో ఎన్నో తలలు చూశాను. పెళ్ళికి వెళ్ళే తలలు, ఫొటో దిగే తలలు, ఆడపడుచు మీద పంతంతో వచ్చిన తలలు. ఏ తలా చెడలేదు. అయినా నా దడ తగ్గలేదు. ఇన్నాళ్ళు ఏమీ కాలేదంటే, కావలసింది ముందు ఎక్కడో కాచుకుని ఉందనే కదా.

ఆ రోజు మధ్యాహ్నం హైమవతి గారు మెట్లెక్కి వచ్చింది. అదే వీధిలో ఉంటుంది. భర్తకు పోర్టులో ఉద్యోగం. పెళ్ళయిన చాలా ఏళ్ళకు, ఆశ వదులుకున్నాక పుట్టిన ఆడపిల్ల ఒకతె, కృత్తిక, నాలుగో తరగతి. ఆవిడ కూర్చున్న తీరు చూడగానే, అమ్మయ్యో, నాలాంటిదే వచ్చిందనుకున్నాను. పర్సు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఫ్యాను వంక చూసి, అది ఊడి పడదు కదా అని కుర్చీ కొంచెం జరుపుకుంది.

“ఏంటండీ హైమవతి గారూ, ఇన్నాళ్ళకి మా మేడ ఎక్కారు!” అంది ఎస్తేరు గారు.

“ఏం చెప్పమంటారండీ. రేపు బళ్ళో పేరెంట్స్ మీటింగు. మా పిల్ల నన్ను రావద్దంటోందండీ. నాన్ననే పంపమంటోంది.”

“అదేంటండీ?”

“క్లాసులో పిల్లలు, మీ అమ్మమ్మ వచ్చిందే అన్నారంట.” ఆవిడ పర్సు జిప్పు తీసి మళ్ళీ వేసింది. “అప్పట్నుంచీ గేటు దాకా కూడా రానివ్వట్లేదు. నేనంటే నామోషీగా ఉంది దానికి. చిన్నప్పుడే ఇలాగుంటే, పెద్దయ్యాక నన్ను తల్లని చెప్పుకుంటదా అండీ?”

ఆ ఒక్క మాటతో నాకు విషయం అర్థమైంది. ఈవిడ అందం కోసం రాలేదు. రేపు పొద్దున్న కూతురు తనను గేటులోకి రానివ్వాలి, అంతే. పాపిట దగ్గర వేలెడు మేర తెల్లగా ఉంది. కింద ఉన్న జుట్టు ఎర్రగా, నల్లగా, ఏ రంగో తెలియకుండా ఉంది.

“ఇదివరకు తలకి రంగేమైనా వేశారా?” అని అడిగింది ఎస్తేరు గారు. ఎవరినైనా ముందు అడిగే ప్రశ్నే అది.

“రామ రామ! రంగు జోలికే వెళ్ళనండి నేను. కళ్ళు పోతాయంటారు కదా!”

“సరే అయితే. మరీ కాకి నలుపు వద్దులెండి, ఎబ్బెట్టుగా ఉంటది. బ్రౌన్ వేద్దాం. రేపు మీ అమ్మాయి అక్కా అని పిలవకపోతే అడగండి.”

హైమవతి గారు మొదటిసారి నవ్వింది. నేను గిన్నెలో మునిగి లేచి పాపిట మీద దిగాను. తెల్ల వెంట్రుకల దగ్గర అంతా బాగానే ఉంది. కిందికి వెళ్ళేసరికి నా ఒళ్ళు జలదరించింది. జుట్టు వెచ్చగా తగిలింది. మరో పాయ ఇంకా వెచ్చన. వద్దమ్మా, ఆపమ్మా అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. నోరు లేనివాళ్ళ మొత్తుకోలు ఎవరికి వినబడుతుంది? ఎస్తేరు గారు అద్దంలో చూస్తూ పూతంతా పూర్తి చేసి, తల మీద కవరు కట్టింది.

కాసేపటికి హైమవతి గారే మొహమాటంగా అడిగింది. “కాస్త కాలుతున్నట్టుందండీ. మామూలేనా?”

ఎస్తేరు గారు కవరు మీద చెయ్యి పెట్టి, చురుక్కుమన్నట్టు తీసేసింది. నన్ను సింకులోకి విసిరేసి, ఆవిడను లేవదీసి కుళాయి కింద తల పెట్టించింది. చన్నీళ్ళు, మళ్ళీ చన్నీళ్ళు. సింకులో పారే నీళ్ళు నా మీదుగానే వెళ్ళాయి. బ్రౌన్ కాదు, పాచి రంగులో ఉన్నాయి.

“అమ్మా, దాచకుండా చెప్పండి. తలకేం పెడతారు మీరు?”

“గోరింటాకండి. ఏళ్ళ తరబడి పెడుతున్నా. ఇనప మూకుట్లో టీ డికాషనేసి నానబెట్టి. నల్లబడుతుందని కొట్లో ఏదో పొడి ఇస్తే అదీ కలుపుతానండి. వానలొచ్చాక జలుబు చేస్తుందని మానేశా.”

“ఆ పొడికి మా రంగు తగిలితే ఇలాగే వేడెక్కిపోతదండీ. మరి రంగెయ్యలేదన్నారు!”

“గోరింటాకు రంగేంటండీ! చలవకి కదా పెట్టుకునేది!”

ఎస్తేరు గారు కుళాయి కట్టేసింది. తప్పు పట్టడానికి లేదు. వాళ్ళమ్మా అదే చలవకు పెట్టుకుంటుంది. తను రంగు అనడానికి బదులు ఏం పెడతారని ముందే అడిగి ఉంటే సరిపోయేది. ఆ మాటే గొణుక్కుంది కూడా.

తువ్వాలు తీశాక ఇద్దరూ అద్దంలో చూశారు. చర్మం కాలలేదు, అది చాలు అనుకున్నాను నేను. వాళ్ళకు చాలలేదు. పాపిట దగ్గర ఇటుక రంగు. అక్కణ్ణుంచి కింది దాకా పచ్చన. వానాకాలం బావి గట్టు మీద పట్టే పచ్చ.

“నల్లగా చేసెయ్యండి” అంది హైమవతి గారు. “ఏదో ఒకటి పూసెయ్యండి!”

“ఇప్పుడేమన్నా పూస్తే జుట్టు చేతికొచ్చేస్తదండీ. కొన్ని వారాలు ఆగాలి. నూనె పెట్టండి. డబ్బులొద్దు నాకు.”

“వారాలా? మీటింగు రేపండీ!” ఆవిడ పైట నెత్తిన వేసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. సరిగ్గా అప్పుడే కింద బడి ఆటో ఆగింది. అమ్మ పార్లర్లో ఉంటానని చెప్పిందేమో, పిల్ల సంచీతో సహా పైకి వచ్చేసింది. నాకు సింకు తూములోంచి జారిపోతే బాగుండుననిపించింది.

కృత్తిక వాళ్ళమ్మ చుట్టూ తిరిగింది. పైట లాగింది. నవ్వుతుందనుకున్నాను, లేకపోతే ఏడుస్తుందనుకున్నాను. రెండూ కాదు. మునివేళ్ళతో పాపిట విడదీసి, పరీక్షగా చూసింది.

“ఆంటీ, తెల్లది మొత్తం పోయిందా?”

“పోయిందమ్మా. దాని బదులు పచ్చదొచ్చింది” అంది ఎస్తేరు గారు దిగులుగా.

“పచ్చది పర్లేదు.” పిల్ల పెద్ద ఊపిరి వదిలింది. “మా క్లాసు శ్రావ్య వాళ్ళ అమ్మమ్మ రోజూ గేటు దగ్గరికొచ్చేది. ఆవిడకీ ఇలాగే తెల్లగా ఉండేది. చచ్చిపోయింది. మీ అమ్మది కూడా తెల్లగానే ఉంది, ఇంక చచ్చిపోయేది మీ అమ్మే అని శ్రావ్య అంది. నువ్వు గేటు దగ్గరికొస్తే మళ్ళీ అంటది.”

హైమవతి గారు గోడ వైపు నుంచి పిల్ల వైపు తిరిగింది. పిల్ల తుమ్మితే నిమోనియా అని, ఆటో ఆలస్యమైతే ఇంకేదో అని హడలిపోయే మనిషి. ఆ పిల్ల కూడా తన గురించి అలాగే హడలుతోందని ఆవిడకు తట్టనే లేదు. ఒకే కంచంలో కలిపి పెడుతూ, ఒకే దుప్పట్లో పడుకోబెడుతూ కూడా తెలియలేదు.

“దానికేనే నన్ను రావద్దన్నావు?”

“మరి?” అంది పిల్ల, ఇది కూడా తెలియదా అన్నట్టు.

ఆవిడ చచ్చిపోనని చెప్పలేదు. అలాంటి మాట ఇవ్వడానికి కూడా ఆవిడకు భయమే. కూతురి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని, “రేపు నేనే వస్తా. ఇలాగే వస్తా. శ్రావ్యని నాకు చూపించు, దానికీ భయమేస్తుందేమో పాపం” అంది. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని మెట్లు దిగారు. మెట్ల మీద జాగ్రత్త, తడిగా ఉన్నాయి అని నేను అనుకుంటూనే ఉన్నాను.

ఆ గొడవలో నన్ను ఎవరూ కడగలేదు. తెల్లారేసరికి నా వెంట్రుకలు రాయిలా బిగుసుకుపోయాయి. ఎస్తేరు గారు నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, చెత్త బకెట్లో పైనే పెట్టింది. కాసేపటికి పాట పెట్టుకుంటూ మున్సిపాలిటీ బండి వచ్చింది. ఇప్పుడు అరటి తొక్కల మీద ప్రయాణం చేస్తున్నాను. ఎక్కడికి తీసుకెళ్తారో, కాలుస్తారో, పూడుస్తారో తెలియదు. పెద్దగా పట్టించుకోవట్లేదు కూడా. నా ప్రాణమంతా బడి మీదే ఉంది.

బడి ముందు స్కూటర్లు అడ్డంగా ఉండి బండి ఆగింది. తొక్కల మధ్య నుంచి చూశాను. హైమవతి గారు పైట భుజం మీదే ఉంచుకుంది. ఎండలో తల ఇంకా పచ్చగా ఉంది. ఎవరో ఇద్దరు తల్లులు చూసి, చూపు తిప్పుకున్నారు. కృత్తిక వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని గేటులోకి లాగుతోంది, తన ఈడు పిల్లకు ఆ జుట్టు చూపిస్తూ ఏదో గట్టిగా చెబుతోంది. మా బండి పాటలో ఒక్క ముక్క వినబడలేదు. ఆ పిల్ల కూడా చెయ్యి చాపి, పచ్చ పాయ ఒకటి పట్టుకుని చూసింది. హైమవతి గారు తల వంచి చూడనిచ్చింది.

బండి కదిలింది. అంత ఎండలో ఆవిడ గొడుగు కూడా తెచ్చుకోలేదు.