చూపించని పాసు

వంతెన మీద పొడుగన్న శవానికి కప్పిన గోనెగుడ్డ చాలలేదు. పాదాలు బయటే ఉన్నాయి. రైల్వే పోలీసు మోకాలి మీద కాగితం పెట్టుకుని రాశాడు: పట్టాల మీదికి అక్రమంగా ప్రవేశించినందున.

"అక్రమంగా కాదు సార్, క్లాసుకి వెళ్తున్నాం," అంది కుట్టుపనామె కూతురు.

"ఏదైతేనేం. జరుగమ్మా పక్కకి."

యూనివర్సిటీ స్టేషను వంతెనకి అవతల ఉంది. ఇవతలి స్టేషను దాకా నెలపాసు ఒక రేటు, ఏరు దాటితే దాదాపు రెట్టింపు. అందుకే నలభైమంది విద్యార్థులు ఇవతలే దిగి పట్టాల వెంట నడిచేవారు. అలా మిగిలిందే వాళ్ళకు మధ్యాహ్నం తిండి. పొడుగన్న ముందు నడుస్తూ, పట్టాకి చెవి ఆనించి, "నడవండర్రా, రైలు ఇంకా మీ పెళ్ళంత దూరంలో ఉంది!" అనేవాడు. ఆ రోజు వెనకబడ్డ పిల్లను పక్కకు నెట్టడానికి వెనక్కి పరిగెత్తాడు. ఆ పిల్ల కుట్టుపనామె కూతురే.

మర్నాడు అమ్మ ఆమె చేతిలో అవతలి స్టేషను పాసు పెట్టింది.

"ఎక్కడిదమ్మా ఇంత డబ్బు?"

"ఆదివారాలు కూడా కుడతాలే. మళ్ళీ ఆ వంతెన తొక్కావో, నా మీద ఒట్టే."

రెండు రోజులు ఆ నలభైమందిలో ఆమె ఒక్కతే అవతల దిగింది. రైలు వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి చూడలేదు.

మూడోరోజు సాయంత్రం ప్లాట్‌ఫారం చివర విద్యార్థులందరూ కూడారు, మొదట్నుంచీ అవతలి పాసు ఉన్నవాళ్ళు కూడా.

"రేపట్నుంచి ఇవతల దిగం. ఈ పాసుతోనే అవతల దిగుదాం," అన్నాడు కళ్ళజోడు కుర్రాడు.

"జరిమానా మీ తాత కడతాడా?"

"పాసున్నవాళ్ళు ఏరు దాటి తెప్ప తగలేస్తారు. దొరికేది మనమే!"

రోజూ అదే రైల్లో వచ్చే మిల్లు పెద్దాయన బెంచీ మీంచి లేచాడు. "మా సమ్మెలోనూ ఇంతే. పర్మినెంటు వాళ్ళు కార్డు చూపించి లోపలికెళ్ళారు, మేం రోడ్డున పడ్డాం. ఏడాది తిరక్కుండా వాళ్ళూ మా పక్కనే కూలబడ్డారు. ఉన్నవాడు చూపించకపోతేనే లేనివాడు బతుకుతాడు."

"అంటే, పాసున్నా..."

"జేబులోంచి తియ్యకండి."

కుట్టుపనామె కూతురు సంచిలోని పాసు తడిమి చూసుకుంది. మర్నాడే ఆమెకు పరీక్ష.

పొద్దున్న అవతలి స్టేషను గేటు దగ్గర పోలీసులు, టీసీలు. "పాసు!" ఎవరూ కదల్లేదు. ఇస్త్రీ చొక్కా అబ్బాయి ఒకడు చూపించి, తల దించుకుని వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళలో ఉన్నదెవరికో లేనిదెవరికో టీసీకి అంతు చిక్కలేదు.

కుట్టుపనామె కూతుర్ని మాత్రం గుర్తుపట్టాడు. "నీకుంది కదమ్మా, నిన్న నేనే చూశా. చేతిలో హాల్ టికెట్ పెట్టుకుని ఈ గోలెందుకు? చూపించి పో."

గోనెగుడ్డ చాలని ఆ పాదాలు ఆమె కళ్ళముందు మెదిలాయి.

"లేదండీ."

అందర్నీ లారీ ఎక్కించారు. పరీక్ష పోయింది.

మధ్యాహ్నం అమ్మ పోలీసు స్టేషనుకి పరిగెత్తుకొచ్చింది. చీరకి దారప్పోగులు అంటుకునే ఉన్నాయి. కటకటాల వెనక కూతురు. బయట మెట్ల మీద పొడుగన్న తల్లి. ఆమె బిడ్డ లోపల లేడు. అయినా వచ్చి కూర్చుంది.

"నీ కూతురికి పాసుందట కదా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "కొన్నానని ఒక్క ముక్క చెప్పు. ఇప్పుడే తీసుకెళ్ళు."

అమ్మ కూతురి వంక చూసింది. మెట్ల వంక చూసింది.

"మాకెక్కడిదయ్యా అంత డబ్బు?" అని వెళ్ళి పొడుగన్న తల్లి పక్కన కూర్చుంది.