నంబరు తిరిగివ్వని ఫారం

పోయిన నెల మా టీమ్ లీడర్ నన్ను పదిమంది ముందు నిలబెట్టి కడిగేశాడు. ఆసుపత్రి కోసం మేం చేసిన ఆపరేషన్ దరఖాస్తు ఫారంలో కొందరి ఫోన్ నంబర్లు మాయమవుతున్నాయి. ఆపరేషన్ డేట్ ఏదైనా ఖాళీ అయితే ఆసుపత్రివాళ్ళు ఫోన్ చేస్తారు. నంబరు లేకపోతే ఆ డేట్ వరుసలో తర్వాతివాళ్ళకి పోతుంది.

"ఈవిడ కోడే. కళ్ళు నెత్తిమీద పెట్టుకుని రాస్తే ఇంతే" అన్నాడు. ఆ రోజు నుంచీ నేను పళ్ళు నూరుతూనే ఉన్నాను.

ఇవాళ పదింటికి దొంగ దొరికాడు. నంబరు సరైనదో కాదో చూసే కోడ్, చూశాక దాన్ని మళ్ళీ ఫారానికి తిరిగివ్వాలి. సున్నాతో మొదలయ్యే నంబర్ల కోసం ఎవరో ఒక మార్పు చేసి, తిరిగిచ్చే లైను రాయడం మరిచారు. ఫారం "అందింది" అంటుంది, గడి మాత్రం ఖాళీ. మార్చిందెవరా అని కోడ్ చరిత్ర తీస్తే, సాక్షాత్తూ మా లీడరే!

బాగుచెయ్యడానికి రెండు నిమిషాలు చాలు. చెయ్యలేదు. నాలుగింటికి మేనేజర్‌తో మీటింగ్ ఉంది. తప్పు సజీవంగా ఉండగానే లీడర్ చేత చదివించాలి.

పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. ఆరు నెలలుగా గోడ పట్టుకుని నడుస్తోంది పాపం.

"మోకాలి ఆపరేషన్‌కి ఇవాళ ఒక డేట్ ఖాళీ అవుతుందటే. ఫారం ఇప్పుడే నింపెయ్యనా?"

"నింపెయ్ అక్కా, పనిలో ఉన్నా" అని పెట్టేశాను. పని అంటే, లీడర్ పేరు తెర మీద పెద్ద అక్షరాల్లో కనపడేలా చెయ్యడం.

నాలుగింటికి లీడర్ వైపు తిరిగి నిలబడ్డాను. "సార్, ఈ లైను మార్చిందెవరో కాస్త పైకి చదవండి."

చదివాడు. తన పేరే. నా కడుపు చల్లబడింది.

అంతటితో వదిలితే బాగుండేది. "ఇవాళ ఒక్కరోజే ఎంతమంది బలయ్యారో చూడండి" అంటూ ఖాళీ నంబర్ల జాబితా తెర మీద పెట్టాను. నాలుగో పేరు మా అక్కది. ముందు సున్నా లేకుండా నంబరు వేసే మనిషి కాదు అక్క. పక్కనే ఆసుపత్రివాళ్ళ మాట: 'నంబరు లేదు. డేట్ తర్వాతివారికి ఇచ్చాం.'

లీడర్ తలెత్తాడు. "తప్పు నాదే. నీకెప్పుడు తెలిసింది?"

"పదింటికి" అన్నాను.

బల్ల మీద నా ఫోన్ మోగింది. ఎత్తాను.

"ఆసుపత్రి నుంచి ఇంకా ఫోన్ రాలేదేంటే?" అంది అక్క. "మీ ఫారమేగా, ఒకసారి చూడవూ?"