దొరువుకు మోటారు

అల్లంకిపాడు మునిసిపాలిటీలో మంచినీళ్ళ వ్యవహారం చూసే ఇంజనీరు ఈశ్వరప్రసాద్ ఆ వేసవిలో మొదట చేసిన తప్పు చాలా చిన్నది. కాలవ కట్టేసే తేదీని నమ్మలేదు, అంతే.

ఏం చూసి నమ్ముతాడు పాపం! ఏటా ఎండలు ముదిరే ముందు ఫలానా రోజుకు కాలవలకు నీళ్ళు ఆపేస్తామంటారు. ఏటా రైతులు వెళ్ళి మొత్తుకుంటారు, నాయకులు ఫోన్లు చేస్తారు, గడువు పెరుగుతుంది. ఆ పెరిగిన రోజుల్లో తాపీగా మంచినీళ్ళ చెరువు నింపుకోవడం అల్లంకిపాడు వాళ్ళకు పెళ్ళికి ఆలస్యంగా వెళ్ళినంత సహజం. ఈ ఏడు గడువు పెరగలేదు. చెప్పిన రోజుకు చెప్పినట్టే కాలవ తలుపులు దించేశారు. తెనాలి మొదలు రేపల్లె దాకా ఊళ్ళన్నీ చెరువులు నింపుకుని కూర్చుంటే, అల్లంకిపాడు చెరువులో సగానికి నీళ్ళు, సగానికి బురద మిగిలాయి. మళ్ళీ కాలవ వచ్చేదాకా ఊరంతా ఏం తాగాలి? ఆ ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు గానీ, అడిగే రోజు ఎంతో దూరం లేదని ఈశ్వరప్రసాద్‌కు తెలుసు. అన్నం సహించడం మానేసింది.

అప్పుడు గుర్తొచ్చింది అక్క.

అక్క అంటే రావమ్మ. ఊరికి సముద్రం వైపు, ఇసక నేలల్లో ఉన్న అద్దకాలపాలెంలో ఉంటుంది. చీరాల, ఈపురుపాలెం మగ్గాలకు నూలుకు రంగు అద్దిచ్చే ఇళ్ళు అక్కడ ఓ పాతిక దాకా ఉంటాయి. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది, భర్త పోయాక కూడా అద్దకం మానకుండా వాణ్ణి చదివించింది. వాడి చదువు నడిచినన్నాళ్ళూ ఆవిడ చేతులు మోచేతుల దాకా నీలంగానే ఉండేవి. ఆ అద్దకానికీ, ఆ పాలెం మొత్తం తాగడానికీ ఆధారం ఒకటే, రావమ్మ పెరట్లో ఉన్న దొరువు.

దొరువంటే బావి కాదు. ఇసకలో తవ్విన పెద్ద గుంట. ఆ నేలలో అడుగునంతా సముద్రపు ఉప్పు. వాన నీరు ఇంకి, పాల మీద మీగడలాగా, దాని మీద తేలి ఉంటుంది. ఆ తీపి నీళ్ళను ముంతతో తోడుకోవాలి. తోడి ఆగాలి. ఊరనిచ్చి మళ్ళీ తోడుకోవాలి. ఆత్రపడి ఒక్కసారిగా లాగేస్తే అడుగునున్న ఉప్పు పైకొస్తుంది. వచ్చిందా, ఇక దిగదు. దిగినా చూడ్డానికి మనం ఉండం. ఉప్పు నీళ్ళలో ముంచిన నూలుకు రంగు సమంగా పట్టదు, మచ్చలు మచ్చలుగా పడుతుంది. అందుకే ఆ పాలెంలో దొరువుకు మోటారు పెట్టడమంటే గర్భగుడిలోకి చెప్పులతో వెళ్ళినంత తప్పు.

"దొరువుకి మోటారేంట్రా ప్రసాదూ? బుద్ధుండే మాట్లాడుతున్నావా?" అంది రావమ్మ, తమ్ముడు విషయం చెప్పగానే.

"చిన్న మోటారే అక్కా. పొద్దున్నే వేసి, ఎండ నెత్తికొచ్చేసరికి కట్టేద్దాం. మిగతా పూటంతా ఊరుతుందిగా. ఒప్పందంలో రాయిస్తా. స్విచ్చి పెట్టె తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో, సరేనా? నువ్వు వేస్తేనే మోటారు నడవాలి, నువ్వు కట్టేస్తే ఆగాలి."

"అంత పట్టుపట్టి దేనికిరా?"

"ఊళ్ళో నీళ్ళు లేకపోతే నన్ను నడిరోడ్డు మీద నిలబెడతారక్కా."

అంతే. ఆ ముక్కతో ఆవిడ మెత్తబడిపోయింది. ఒప్పందం రాశారు. అద్దకాలపాలెం మునిసిపాలిటీ హద్దు బయట ఉంది కాబట్టి, ఈ వేసవికి దొరువు నీళ్ళు ఇస్తే, వచ్చే ఏడు ఆ పాలేనికి కూడా పైపు వేస్తామని అందులో ఒక మాట ఉంది. కింద రావమ్మ గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. మోటారు బిగించి, ఊరి నీళ్ళ ట్యాంకు దాకా గొట్టం లాగారు.

నిజం చెప్పాలి, ఒప్పందం బాగానే నడిచింది. రావమ్మ పొద్దున్నే పెట్టె తెరిచేది. నీడ కాళ్ళ కిందికి రాగానే మూసేది. అద్దకం పెద్ద దశరథరామయ్య రోజూ ఒక చుక్క నాలుక మీద వేసుకుని, ఫరవాలేదన్నట్టు తల ఊపి వెళ్ళేవాడు.

అలా ఉండగా రావమ్మకు కంటి ఆపరేషన్ పడింది. శుక్లం ముదిరిపోయింది, ఇక ఆలస్యం చేయకూడదన్నారు తెనాలి డాక్టర్లు. కూతురు దేవికను తోడు తీసుకుని వెళ్తూ తాళంచెవి తమ్ముడి చేతిలో పెట్టింది.

"వారం దాకా రానంట. ఎండ నెత్తికొచ్చేసరికి ఆపించు. మర్చిపోకు నాయనా."

"నాకు చెప్పాలా అక్కా!" అన్నాడు.

మహానుభావుడు! ఆ మాట అన్నప్పుడు నిజంగానే అన్నాడు. అది కూడా చెప్పుకోవాలి.

ఆ మరుసటి రోజు గోపీనాథ్ పిలిపించాడు. మునిసిపల్ ఛైర్‌పర్సన్ కుర్చీలో కూర్చునేది సాయి సుధ గారు, మాట్లాడేది ఆవిడ భర్త గోపీనాథ్ గారు. ఇందులో ఊళ్ళో ఎవరికీ వింతేం లేదు. ఆయన కొత్తగా కట్టిన కల్యాణ మండపం ప్రారంభం ఆ వారంలోనే ఉంది. అందరూ వస్తున్నారు.

"ఏఈ గారూ, చెరువెందుకు నిండలేదని కౌన్సిల్లో అడగాలని ఒకళ్ళిద్దరికి ఉబలాటంగా ఉందంట. నేను అడగనివ్వన్లెండి," అన్నాడు గోపీనాథ్, టిఫిన్ ప్లేటు ముందుకు జరుపుతూ. "మీరు మాత్రం ఈ వారం నీళ్ళు ఆగకుండా చూసుకోండి. ఊళ్ళోనూ ఆగకూడదు, మన మండపంలోనూ ఆగకూడదు."

"దొరువు అంత లాగితే తట్టుకోదేమోనండి..."

"తట్టుకోవాల్సింది దొరువో మీరో తేల్చుకోండి మరి. ఇడ్లీ తినండి, చల్లారిపోతోంది."

ఈశ్వరప్రసాద్ ఇడ్లీ తిన్నాడు. అటునుంచి అటే అద్దకాలపాలెం వెళ్ళి పెట్టె తెరిచాడు. ఎండ నెత్తికొచ్చింది. వాలింది. మోటారు ఆగలేదు. దశరథరామయ్య గాభరాగా పరిగెత్తుకొచ్చాడు.

"అబ్బాయ్, ఆపడం మర్చిపోయారా ఏంటి? అవతల నీళ్ళు దిగిపోతున్నాయి!"

"అక్క చెప్పే వెళ్ళింది పెద్దాయనా. ఈ వారానికి ఫరవాలేదంది."

ముసలాయన వచ్చిన దారినే వెనక్కి తిరిగాడు. రావమ్మ చెప్పిందంటే ఇక ఆ పాలెంలో ఎవరూ ఎదురు చెప్పరు. ఆ సంగతి ఈశ్వరప్రసాద్‌కు తెలుసు, తెలిసే ఆ మాట వాడాడు. మోటారు రాత్రీ పగలూ నడిచింది.

మండపం ప్రారంభానికి ముందురోజు పొద్దున తనే వెళ్ళి దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకున్నాడు. చిన్నప్పుడు బోర్లా పడుకుని తాగిన నీళ్ళు అవి, వాటి రుచి వాడికి ఒకరు చెప్పాలా? తేడా తెలిసింది. నాలుక చివర సన్నగా, ఉందా లేదా అన్నట్టు ఉప్పు. ఆ క్షణాన ఆపినా దొరువు బతికేది. చెయ్యి పెట్టె దాకా వెళ్ళింది కూడా. ఇవాళా రేపూ గడిస్తే చాలు, ఆ తర్వాత నెల రోజులు ముట్టుకోను అని మనసులో ఒట్టు పెట్టుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఛీ, ఏం మనిషండీ!

ప్రారంభం ఘనంగా జరిగింది. మండపంలో చేతులు కడుక్కోవడానికి పన్నీరు కలిపిన నీళ్ళు పెట్టారు.

రావమ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని తిరిగొచ్చేసరికి వీధిలో ఆరేసిన నూలంతా మచ్చలే. ఎవరూ ఆవిణ్ణి పలకరించలేదు. ఆవిడే దొరువు దగ్గరికి వెళ్ళింది, వంగింది, తాగింది. ఉమ్మింది. కళ్ళు తడవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి ఏడవలేదంటారు కొందరు. దశరథరామయ్య వచ్చి, "నువ్వే చెప్పావంటగా అమ్మా?" అని అడిగాక గానీ ఆవిడకు అసలు సంగతి తెలియలేదు. తెలిశాక కూడా, "నేను చెప్పలేదు మావయ్యా," అని ఒక్క మాటంది. తమ్ముణ్ణి తిట్టలేదు.

ఈలోగా అల్లంకిపాడు కుళాయిల్లోనూ ఉప్పు దిగింది. జనం బిందెలు పట్టుకుని మునిసిపాలిటీ ముందు కూర్చున్నారు. బాపట్ల నుంచి విచారణకు ఆఫీసరు వస్తున్నాడని కబురొచ్చింది. ఈశ్వరప్రసాద్ పీకల మీదకొచ్చింది. గోపీనాథ్ మాత్రం నిబ్బరంగా ఉన్నాడు.

"వచ్చేవాడు కాయితం చూస్తాడు గానీ నీళ్ళు తాగుతాడా ఏంటి? మోటారు ఒప్పందం ప్రకారమే నడిచింది, నా దొరువు నీళ్ళు ఇప్పటికీ తియ్యగానే ఉన్నాయి అని మీ అక్కగారి చేత రాయించండి. తప్పు పాత పైపుల మీదకి పోతుంది. మీకూ నాకూ గొడవ వదిలిపోతుంది."

ఇద్దరూ కారులో అద్దకాలపాలెం వచ్చారు. రావమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. కారు చూసి పాలెం పాలెమంతా ఆ వాకిట్లో చేరింది. ఈశ్వరప్రసాద్ కాగితం తీసి, అందులో ఏముందో తల దించుకుని చదివాడు.

"దీని మీద సంతకం పెట్టకపోతే ఏమవుద్దిరా నీకు?" అని అడిగింది రావమ్మ.

"ఉద్యోగం పోద్దక్కా. కేసు కూడా పెడతారు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. చెంబుతో దొరువు నీళ్ళు, ఒక గ్లాసు తెచ్చింది. గ్లాసు నిండా పోసి తమ్ముడి చేతికిచ్చింది.

"తాగు. తాగి, తియ్యగా ఉన్నాయని ఇంతమందిలో నా మొహం చూసి చెప్పు. చెబితే పెడతా సంతకం."

ఆ మాటతో వాకిట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. దశరథరామయ్య మొహంలో వెలుగొచ్చింది కూడా. అదీ వాళ్ళ లెక్క. ఆ పాలెంలో నీటి మీద ఎవరూ అబద్ధమాడరు. ఇక ఆ నీళ్ళు తాగి పెరిగినవాడు, ఆ నీళ్ళతో చదువుకున్నవాడు, పెంచిన అక్క కళ్ళలోకి చూస్తూ చెబుతాడా? చస్తే చెప్పలేడు. వాడు గ్లాసు కింద పెట్టేస్తాడు, తప్పయిపోయిందని కాళ్ళ మీద పడతాడు, అప్పుడు ఏం చేయాలో చూసుకోవచ్చు అనుకుంది రావమ్మ. క్షమించడానికి కూడా సిద్ధపడే ఆ గ్లాసు చేతికిచ్చింది పిచ్చిది.

ఈశ్వరప్రసాద్ తాగాడు. మొదటి గుక్కకే ఉప్పు తెలిసింది. ఆగలేదు, మొత్తం తాగాడు. అడుగున మిగిలింది కూడా తాగాడు. మూతి తుడుచుకుని అక్క మొహంలోకి చూశాడు. నల్లద్దాల్లో తన మొహమే కనబడింది వాడికి. అది కాస్త నయమనిపించింది.

"తియ్యగానే ఉన్నాయక్కా," అన్నాడు.

ఎవరో ఆడమనిషి "ఓరి నాయనో!" అని నోరు నొక్కుకుంది. రావమ్మ చెయ్యి చాపింది, కాగితం కోసం. దేవిక వచ్చి చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా, నీకేమన్నా పిచ్చా!" అంది. రావమ్మ కూతురి చెయ్యి విడిపించుకుంది.

"మాటిచ్చానే," అంది. అదే గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి, కాగితం తమ్ముడికి కాకుండా గోపీనాథ్‌కు ఇచ్చింది.

"బాబూ, అద్దకం ఎటూ పోయింది. తాగడానికన్నా రోజుకో ట్యాంకరు పంపించండి. చిన్నపిల్లలున్నారు."

గోపీనాథ్ కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. "భలేవారే రావమ్మగారూ! నీళ్ళు తియ్యగా ఉన్నాయని మీరే రాసిచ్చి, నీళ్ళున్న పాలేనికి ట్యాంకరు పంపమంటే రేపు నన్నడగరా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. "పైపు సంగతి కూడా అంతేనమ్మా. అవసరం ఉన్నవాళ్ళకి ముందు వెయ్యాలి కదండీ."

రావమ్మ తమ్ముడి వైపు తిరిగింది. వాడు అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

కారు పాలెం దాటేసరికి ఈశ్వరప్రసాద్‌కు దాహం మొదలైంది. నాలుక అంగిలికి అంటుకుపోయింది. గోపీనాథ్ సీటు పక్కనుంచి చల్లటి నీళ్ళ సీసా తీసిచ్చాడు. వాడు మూత తిప్పేసి గటగటా తాగుతున్నాడు. అంతలో ముందు రోడ్డు మీద దేవిక కనబడింది. అడ్డదారిన కారు కంటే ముందే వచ్చినట్టుంది. చంకనొక బిందె, చేతిలో ఒక బిందె, పక్క ఊరి బోరు దగ్గరికి ఎండలో నడుస్తోంది. కారు చూసి, చేతిలో బిందె కింద పెట్టి, ఆపమని చెయ్యెత్తింది.

"ఆపమంటారా సార్?" అన్నాడు డ్రైవరు.

ఈశ్వరప్రసాద్ సీసా నోటి దగ్గరి నుంచి తీయకుండానే ఎడమ చేత్తో ముందుకు పోనిమ్మని సైగ చేశాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. దేవిక గబుక్కున పక్కకు జరిగింది. కింద పెట్టిన బిందె కారు గాలికి దొర్లి కాలవలో పడింది. కాలవలోనూ నీళ్ళు లేవు.