ఇంకొక్క వెంట్రుకవాసి

తేలట్లేదట, తేలట్లేదట, సాల్మన్ చేపలకి ఎరగా థెల్మా బొచ్చుతో కట్టిన ఈగ మిరమిషి నది మీద తేలకపోతే ఇంకేం తేలుతుంది, హేజెన్ బుర్ర తేలుతుందా, అదీ డొల్లే కదా, అనుకుంటూ ఆమె సగానికి విరిచిన గడ్డం బ్లేడుని రెండు వేళ్ళ మధ్య విల్లులా వంచింది, పొద్దున చర్చి మెట్ల దగ్గర నుంచి మావిసక్క మోసుకొచ్చిన మాట ఇది, అక్కకి కుడి చెవి వినపడదు, ఎడమ చెవి వినిపించుకోదు, థెల్మా తేలట్లేదని హేజెన్ వాపోతున్నాడే అని గుమ్మంలోంచే కేకేసింది, తేలనిది నేనా నా ఈగా అని అడిగితే, ఈ ఒంటితో నువ్వెలాగూ తేలవు, ఈగే అయ్యుంటుందిలే అని తీర్పిచ్చేసి వరండాలోకి పోయింది, అక్కడ బావ ఆర్లండూ ఆ హేజెనూ దర్జాగా కాళ్ళు చాపుకుని టీ తాగుతున్నారు, తన టీ, తన కప్పులు, తన ఈగకే వంకలు.

మిగతా గైడులు అంటే వేరు, హేజెన్ అంటే వేరు, సాల్మన్ వేటకొచ్చిన వాళ్ళని పడవల్లో తిప్పే గైడులందరికీ ఆయనే పెద్ద, ఆయన ఊఁ అన్న ఈగే అమ్ముడుపోయి ఒడ్డున ప్రతి టోపీ మీదా వాలుతుంది, ఊహూఁ అన్నాడంటే థెల్మా ఇక ఇంట్లో కూర్చుని నిజం ఈగలు తోలుకోవాల్సిందే, అమ్మ పేరు కూడా దాంతోపాటే మునుగుతుంది, అమ్మ ఇదే బల్ల దగ్గర చిటికెడు జింక బొచ్చు గాలం కాడ మీద పెట్టి, రెండు చుట్లు దారం వేసి బిగించేది, అంతే, పూనకం వచ్చినదానిలా బొచ్చు గిర్రున తిరిగి నలువైపులా లేచి నిలబడేది, చూశావా, ఒక్కో వెంట్రుకా లోపల డొల్ల, ఆ డొల్లలో గాలే దీని ప్రాణం అనేది, తర్వాత బ్లేడు, ముందు పొట్ట చదునుగా, తర్వాత వీపు, చుట్టలా నున్నగా, దారానికి బ్లేడు తగిలిందా మొత్తం ఊడి ఒళ్ళో పడుతుంది, వెన్నలో బొచ్చు, టీలో బొచ్చు, నాన్న కనుబొమల్లో బొచ్చు, ఈ ఇంట్లో తిండికి తక్కువైనా బొచ్చుకి తక్కువ లేదని నాన్న నవ్వేవాడు, అమ్మ మాత్రం టీ చల్లారేలోగా ఒక ఈగని పూర్తి చేసి పక్కన పెట్టేది.

మరి చేతిలో ఉన్న ఈ ఈగ, హేజెన్ కోసమని వేసవి మొదట్లో కట్టింది, అప్పుడు బొటనవేలంత లావు, ఇప్పుడు అగ్గిపుల్ల, ప్రతి ఆదివారం చర్చి అవగానే హేజెన్ వస్తాడు, టోపీ తీస్తాడు, జేబులోంచి దీన్ని తీస్తాడు, బానే ఉంది థెల్మా, కానీ బొచ్చు ఇంకొంచెం తియ్యవా అంటాడు, ఆమె ఒక వెంట్రుకవాసి తీస్తుంది, దారానికి తగుల్తుందేమోనని అంతకన్నా తీయదు, ఆయన టీ తాగుతాడు, చచ్చిపోయిన వాళ్ళావిడ పెంచిన గులాబీల గురించి ఓసారి, పడవకి పడ్డ చిల్లు గురించి ఓసారి, పోతాడు, మళ్ళీ ఆదివారం, ఇంకొంచెం, ఏం మనిషి, చేపలు కూడా ఇంత బెట్టు చెయ్యవు, ఇవాళే ఆఖరు, ఇంకోసారి ఇంకొంచెం అన్నాడో ఈగతో పాటు ఆయన్నీ నదిలోకి విసిరి ఎవరు తేల్తారో చూస్తుంది, అనుకుంటూ అణిగిన బొచ్చు లేవడానికి ఈగని కెటిల్ ఆవిరి మీద పట్టింది, వాసన వచ్చింది.

పిప్పరమెంటు వాసన, ఇదేమిటి, నీళ్ళలో ఆడిన ఈగకి ఆవిరి తగిలితే నది వాసన రావాలి, నాచు రావాలి, చేప జిగురు రావాలి, పిప్పరమెంటు ఎక్కడిది, సిగరెట్లు మానేసిన దగ్గర్నుంచి హేజెన్ చొక్కా జేబులో ఉండే బిళ్ళలు, అంటే ఇది ఆ జేబు దాటలేదా, కళ్ళజోడు సర్దుకుని కిటికీ వెలుగులో తిప్పి చూసింది, గాలానికి ముందుండే కన్ను, దారం దూర్చే ఆ చిన్న కన్ను, మూసుకునే ఉంది, ముడి మీద తను రాసిన వార్నిష్ పొర కన్నుకి అడ్డంగా అలాగే మెరుస్తోంది, ఎవడైనా నది ఒడ్డున చేసే మొదటి పని థెల్మాని నాలుగు తిట్టి సూదితో ఆ పొర పొడవడం, హేజెన్ పొడవలేదు, వేసవంతా పొడవలేదు, ఈగ కన్ను తెరుచుకోలేదు, థెల్మా కళ్ళు మాత్రం ఒక్కసారిగా తెరుచుకున్నాయి, అమ్మ దొంగ మొహమా, చెంపల్లోకి పాకింది ఆవిరేనా.

బ్లేడూ ఈగా రెండు చేతుల్లో పట్టుకుని వరండాలోకి ఊడిపడింది, అక్కా వినవే, బావా నువ్వూ విను, ఈ ఈగ తేలట్లేదంటున్నాడే ఈ పెద్దమనిషి, దీనికి తడంటేనే తెలీదు, ఇదిగో కన్ను, సూది మొన కూడా దూరలేదు, దారం కట్టకుండా ఏ చేపని పట్టాడో అడగండి, హేజెన్ బీట్‌రూట్ అయిపోయాడు, టోపీ నలిపాడు, తేలట్లేదని నేనెప్పుడన్నాను థెల్మా, తేల్చట్లేదన్నాను, ఇన్ని ఆదివారాల నుంచి వస్తున్నా నువ్వేదీ తేల్చట్లేదని మీ అక్క దగ్గర మొర పెట్టుకున్నాను, అంతే, బావ ముక్కులోంచి టీ వచ్చింది, ఒరే, ఈగ ఆవిడ కట్టింది, గాలం నువ్వేశావురా అని తొడ చరిచాడు, ఏమన్నాడు, ఏమన్నాడు అంటోంది అక్క, థెల్మా ఆయన్ని మాటతో కత్తిరించి పారేద్దామని నోరు తెరిచింది, చేతిలోని బ్లేడు కంటపడింది, తనూ అమ్మలాగే టీ చల్లారేలోగా ఈగని పూర్తి చేయగలదు, వేలకి వేలు చేసింది, ఆయన ఇంకొంచెం అన్నాడు గానీ వెంట్రుకవాసి అనలేదు, ఆ కొలత తనది, దారానికి బ్లేడు తగుల్తుందన్న భయం ఈ ఒక్క ఈగ దగ్గరే ఎందుకొచ్చింది, ప్రతిసారీ ఆ కాస్త బొచ్చు ఎవరి కోసం మిగిల్చింది, వచ్చే ఆదివారం కోసం, ఇంకెందుకోసం, అక్క ఎడమ చెవి మీదికి వంగి నది అవతలి ఒడ్డుకి కూడా వినపడేలా అరిచింది, ఈగ సంగతి కాదే అక్కా, నా సంగతి అడిగాడు, తేలిపోయిందని ఆయనకి చెప్పు!